నలభై సెకన్ల రాఘవమ్మ

నవంబరు రెండో తేదీ, ఆదివారం. ఆ రోజు ఇంట్లో కందాబచ్చలి కూర, మజ్జిగ పులుసు. కార్తీకమాసం కాబట్టి ఉల్లీ వెల్లుల్లీ లేవు. కంద తరిగిన చేతులు దురద పెడుతుంటే చింతపండు రాసి కడుక్కుని, అందరూ తిని లేచాక మూడున్నరకి కనకమహాలక్ష్మి తన కంచం ముందు కూర్చుంది. మొదటి ముద్ద నోట్లో ఉండగా ఎడిటింగ్ గదిలోంచి వెంకటపతి కేకేశాడు.

"కనకం! నీ కంప్యూటర్ కొత్తది చేసేశా. పొద్దున్నుంచీ అదే పని. తిని వచ్చి చూసుకో."

నీ కంప్యూటర్. పదకొండేళ్ళుగా అది స్టూడియో సిస్టమ్. బందరు బుట్టాయిపేటలో వీధివైపు గదిని స్టూడియో చేసుకుని, బోర్డు మీద తన పేరు రాయించుకున్న వెంకటపతి పెళ్ళిళ్ళకి వీడియోలు తీస్తాడు. తీసుకొచ్చిన గంటల కొద్దీ పెళ్ళిని కోసి, అతికించి, పాటలు కలిపి మూడు గంటల సినిమాగా చేసేది కనకం. ఆ పనిని వీళ్ళ భాషలో మిక్సింగ్ అంటారు. మిక్సింగ్ చేసే మనిషి గుంటూరు వెళ్ళిపోయినప్పుడు, "బీకామ్ చదివావుగా, రెండు నెలలు చూడు, ఈలోపు ఎవర్నైనా పెడతా" అన్నాడు. ఆ రెండు నెలలే పదకొండేళ్ళయ్యాయి. ప్రతి పెళ్ళి చివరా "వీడియోగ్రఫీ, ఎడిటింగ్: వెంకటపతి" అని టైటిల్ వస్తుంది. ఆ అక్షరాలు టైపు చేసేదీ కనకమే. చుట్టాలెవరైనా అడిగితే, "మా ఆవిడ ఇంట్లోనే ఉంటుందండీ. కాలక్షేపానికి కాసేపు సిస్టమ్ ముందు కూర్చుంటుంది" అంటాడు. తుడవాల్సొచ్చినా, చెడినా, బాగు చేయాల్సొచ్చినా మాత్రం అది నీ కంప్యూటర్ అయిపోతుంది. నీ వంటిల్లు, నీ నీళ్ళ మోటారు లాగా.

చెయ్యి కడుక్కుని వెళ్ళింది. తెర రంగు మారింది. గుర్తులన్నీ కింద మధ్యకి చేరాయి. అలవాటు కొద్దీ తన మిక్సింగ్ సాఫ్ట్‌వేర్ మీద నొక్కింది. తెల్లటి చిన్న పెట్టె వచ్చింది. ఈ ప్రోగ్రామ్ ఈ సిస్టమ్‌లో పనిచేయదు, తయారు చేసినవారిని సంప్రదించండి, అని దాని సారాంశం. మళ్ళీ నొక్కింది. మళ్ళీ అదే పెట్టె.

"అది పోనీ. పాత చింతకాయ పచ్చడి. ఇటు చూడు," అన్నాడు వెంకటపతి కుర్చీ లాక్కుని. కొత్త సాఫ్ట్‌వేర్ వేశాడు. దాని కోసమే సిస్టమ్‌ని అప్‌గ్రేడ్ చేయాల్సి వచ్చిందట. పెళ్ళంతా అందులో పోస్తే అదే మంచి ముక్కలు ఏరి, పాటకి తగ్గట్టు కోసి పెడుతుంది. పది నిమిషాల్లో ఒక పాట తయారు. "నీ కోసమే చేశా. మెడ నొప్పి మెడ నొప్పి అంటావుగా. ఇక నీకు పని తప్పింది."

అతని మొహంలో నిజంగానే సంతోషం ఉంది. "నా పాత ఫైళ్ళు?" అంది కనకం.

"ఎక్కడికి పోతాయి? అన్నీ ఉన్నాయి చూసుకో."

ఉన్నాయి. "పాత టైటిల్స్" అని పేరు పెట్టిన ఫోల్డర్ కూడా ఉంది. లోపల అరవై మూడు ముక్కలు వరసగా ఉన్నాయి. ఒక్కోదాని మీద ఇదివరకు ఒక మొహం కనిపించేది. ఇప్పుడు అన్నిటి మీదా ఒకటే ఖాళీ కాగితం బొమ్మ. దేన్ని నొక్కినా తెరుచుకోలేదు.

ఆ ఫోల్డర్ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. పెళ్ళి వీడియో మొదటి కాపీ తయారయ్యాక పార్టీవాళ్ళు, అంటే పెళ్ళివారు, వచ్చి చూసి, తీసెయ్యాల్సినవి ఒక చీటీ మీద రాసిచ్చిపోవడం ఈ పనిలో పద్ధతి. మందు కొట్టి తూలిన బావమరిది, పమిట జారిన వదిన, అన్నం దగ్గర అలిగిన మావయ్య. ఇవి ఒక్కో చీటీలో ఒక్కో రకం. అన్ని చీటీల్లోనూ ఉండేది మాత్రం ఒకటే. దాన్ని ఎవరూ పేరు పెట్టి రాయరు. "తాళి కట్టేప్పుడు ఎడమ పక్క పెద్దావిడ", "బిందెల దగ్గర తెల్లచీర", "హారతిలో వెనకాల కనపడే మనిషి". బొట్టు లేని ఆడవాళ్ళు. పెళ్ళికూతురి నాయనమ్మ, మేనత్త, ఒక్కోసారి కన్నతల్లి. కనకం కోసేది. మొదటిసారి కోసిన ముక్కని తీసి పారేయబోతే కంప్యూటర్, శాశ్వతంగా తొలగించమంటారా, అని అడిగింది. మనుషులెవరూ అడగని ప్రశ్న. ఆమె వేలు ఆగిపోయింది. ఆ ముక్కని ఎవరూ తెరవని పేరుతో దాచింది. పార్టీకి పెన్‌డ్రైవ్ ఇచ్చేశాక అసలు ఫుటేజీ అంతా చెరిపేసి, ఆ డిస్క్‌నే తర్వాతి పెళ్ళికి వాడతారు. కాబట్టి ఆ అరవై మూడు మంది ఆ ఫోల్డర్‌లో తప్ప ఇంకెక్కడా లేరు. పని త్వరగా అవుతుందని సాఫ్ట్‌వేర్ సొంత ఫార్మాట్‌లో దాచింది కనకం. అవి అందులో తప్ప తెరుచుకోవని ఆమెకి తెలుసు. ఆ సాఫ్ట్‌వేరే ఒకరోజు తెరుచుకోదన్న ఆలోచన మాత్రం రాలేదు.

సెట్టింగుల్లో వెతికితే ఒక మాట కనిపించింది. పది రోజుల లోపు అయితే పాత సిస్టమ్‌కి వెనక్కి వెళ్ళొచ్చు. పక్కన బటన్.

"వెనక్కా?" అని నవ్వాడు వెంకటపతి. "ఈ మాసంలో ఐదు పెళ్ళిళ్ళున్నాయి. అవి అయ్యాక చూద్దాంలే." ఐదు పెళ్ళిళ్ళు అయ్యేసరికి పది రోజులు దాటిపోతాయని ఆమె అంది. అతనప్పటికే ఫోన్ చూసుకుంటున్నాడు.

*

గురువారం పొద్దున దుర్గ వచ్చింది. గిలకలదిండి అమ్మాయి. దివిసీమలో నాగాయలంక అవతలకి ఇచ్చారు. ఆరేళ్ళ కిందట వైశాఖంలో ఆమె పెళ్ళికి వీడియో తీసింది వెంకటపతే. తల్లి రాఘవమ్మ నెల కిందట జ్వరంతో పోయింది. పెద్దకర్మకి ఫోటో కట్టించడానికి దుర్గ తమ్ముడు ఆధార్ కార్డు పట్టుకొచ్చాడు. తపాలా బిళ్ళంత మొహాన్ని పెద్దది చేసి, మెడ కింద పట్టుచీర అతికించింది కనకమే. హార్బరులో ముప్పై ఏళ్ళు చేపలు అమ్మిన మనిషి. ఆ జరీ అంచు ఆవిడ మెడకి ఎంత పరాయిగా ఉందో అతికిస్తున్నప్పుడే తెలిసింది.

"అక్కా, అమ్మ కదిలేది ఒక్కటి కూడా లేదు," అంది దుర్గ గుమ్మంలో నిలబడే. "అమ్మ దగ్గర బటన్ల ఫోను. నేనేమో వీడియో కాల్ చేస్తే తమ్ముడి ఫోన్‌లో మాట్లాడేదాన్ని, దాచుకోవాలని తెలియలా. పెళ్ళి క్యాసెట్ మొత్తం చూశా. రెండుసార్లు చూశా. ఎక్కడా లేదక్కా. చెయ్యి కూడా లేదు. పెళ్ళి రోజు తీసిన దాంట్లో ఎక్కడన్నా ముక్క మిగిలుంటదేమో అని..."

మిగిలింది. నలభై సెకన్లు. రెండో కెమెరా వెనక వైపు తిరిగినప్పుడు పందిరి గుంజ పక్కన రాఘవమ్మ పడింది. పెళ్ళికొడుకు మేనత్త చీటీలో రాసింది, "గుంజ దగ్గర మనిషి వద్దు. సూత్రం కట్టే టైములో మొదటే కనపడతంది" అని. కన్యాదానం మేనమామ దంపతులు చేశారు. కనకానికి ఆ ముక్క కళ్ళకి కట్టినట్టుంది. నీలం చీర. పిడికిట్లో అక్షింతలు. ముందున్నవాళ్ళు అడ్డమొస్తే మునివేళ్ళ మీద లేవడం. విసిరిన అక్షింతలు పిల్లదాకా చేరక ఎవరి భుజాల మీదో పడటం. చేతికి అంటుకున్న తడి బియ్యాన్ని పమిటకి తుడుచుకుని నవ్వడం.

"చూస్తానమ్మా," అంది కనకం. "ఒక పది రోజులాగి రా."

"ఉందంటావా?"

"చూస్తాను."

దుర్గ వెళ్ళాక లెక్కపెట్టుకుంది. ఇంకా ఆరు రోజులు.

ఆరు రోజులంటే చాలా ఉన్నట్టే అనిపిస్తుంది. పౌర్ణమికి మంగినపూడి సముద్రస్నానానికి వచ్చిన ఆడపడుచు రేవతి, ఆమె భర్త, పిల్లలు ఇంకా ఉన్నారు. శుక్రవారం వాళ్ళకి ఇడ్లీ, వాళ్ళ పెద్దాడికి ఇడ్లీ పడదని ఉప్మా, మధ్యాహ్నం వంట, సాయంత్రం బందరు లడ్డూ కొనుక్కోవడానికి బజారు, వెంట తోడు. శనివారం వాళ్ళ ప్రయాణం, పచ్చడి సీసాలు, బట్టలు ఉతికి ఆరేయడం. ఈ రెండు రోజుల్లో మధ్యాహ్నం అందరూ నడుం వాల్చినప్పుడు గంట గంట దొరికింది. ఆ గంటలోనే అన్నీ చేసి చూసింది. పాత సిస్టమ్ అనుకుని పనిచెయ్యి అని ప్రోగ్రామ్‌కి నచ్చజెప్పే పద్ధతి ఒకటుంది, అది చేసింది. గ్రాఫిక్స్ కార్డు డ్రైవరు పాతది వెతికి వేసింది. తెర నల్లగా అయిపోయి, మళ్ళీ వచ్చింది. చివరికి సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్ళీ వేద్దామనుకుని, ముందు తయారుచేసినవాళ్ళ వెబ్‌సైట్ చూసింది. ఆ పాత వెర్షన్‌ని మళ్ళీ కొత్తగా రిజిస్టర్ చేయడం ఆపేశామని అక్కడ రాసి ఉంది. తీసేస్తే ఇక రాదన్నమాట. వేలు వెనక్కి తీసుకుంది. ఇక మిగిలిన దారి ఆ ఒక్క బటనే.

ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర అడిగింది. నెయ్యి వడ్డిస్తూ, మామూలు సంగతి చెప్తున్నట్టు.

"ఏవండీ, సిస్టమ్ పాతదానికి మార్చాలండీ. బుధవారం లోపే కుదురుతుంది."

"ఎందుకూ?"

చెప్పింది. ఫోల్డర్ మాట సహా అంతా చెప్పింది. పదకొండేళ్ళలో మొదటిసారి. చెప్తుంటే తన గొంతు తనకే తప్పు ఒప్పుకుంటున్నట్టు వినిపించింది.

వెంకటపతి ముద్ద ఆపి చూశాడు. కోపం లేదు. వింతగా చూశాడు. "పార్టీవాళ్ళు వద్దన్నవి దాచావా? తెలిస్తే మన పరువేం కావాలి?" ఆ తర్వాత నవ్వాడు. "అయినా కోసింది నువ్వేగా. నీ చేత్తో కోసి ఇప్పుడు నా పెళ్ళిళ్ళు ఆపమంటావేంటి? వెనక్కెళ్తే కొత్త సాఫ్ట్‌వేర్ పోతుంది."

"ఆ ముక్కలు తీసుకున్నాక మళ్ళీ కొత్త సిస్టమే వేసుకోవచ్చండీ. నేను వేస్తాను."

"చేపలమ్ముకునే ఆవిడ కోసం."

అత్తగారు భానుమతి కూడా అక్కడే తింటోంది. ఆవిడకి భర్త పోయి పంతొమ్మిదేళ్ళు. మజ్జిగ గ్లాసు కింద పెట్టి, "మా రేవతి పెళ్ళి క్యాసెట్లో నేనెక్కడున్నానో చూశావటే?" అంది. "వంట దగ్గర కూర్చుని పొట్లాలు కట్టా. నేనేమన్నా ఏడ్చానా? లోకంలో లేని రాగాలు నువ్వే తీస్తావు."

కనకం చారు గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళింది. కోసింది నువ్వేగా. అందులో అబద్ధం లేదు మరి. చీటీ రాసినవాళ్ళు రాసి వెళ్ళిపోయారు, తీసుకొచ్చి ఇచ్చినవాడు ఇచ్చి వెళ్ళిపోయాడు, వేలు మాత్రం తనది. వద్దని ఒక్కసారి అనుంటే? అంటే ఏమయ్యేది, ఇంకెవరో కోసేవాళ్ళు. కానీ ఆ ఇంకెవరో తను కాకుండా ఉండేది. అరవై మూడు ముక్కలు దాచినందుకు తనని తాను మంచిదాన్ని అనుకుంటూ వచ్చింది ఇన్నాళ్ళూ. కోసి దాచడం, దాచాను కదా అని మళ్ళీ కోయడం. గిన్నె తోముతుంటే కంద దురద ఎప్పుడో పోయిన చేతులు మళ్ళీ మండినట్టనిపించింది.

సోమవారం కార్తీక సోమవారం. ఉపవాసం, అభిషేకం, నక్షత్రం చూశాక వంట. మంగళవారం పది గంటలకి వెంకటపతి కెమెరా సంచి తగిలించుకుని పెళ్ళికొడుకుని చేసే ఇంటికి వెళ్ళాడు. అత్తగారు గుడికి వెళ్ళింది. ఇల్లు ఖాళీ అయిన చప్పుడు విన్నాక కనకం గుడివాడకి ఫోన్ చేసింది. ఈ సిస్టమ్ వాళ్ళకి కట్టి ఇచ్చింది అక్కడి జీవానందం. నెహ్రూ చౌక్ దగ్గర చిన్న షాపు. పెద్దాయన.

"నొక్కండమ్మా, భయం లేదు," అన్నాడు ఆయన అంతా విని. "మీ పెళ్ళిళ్ళ ఫైళ్ళేం పోవు. ఆ తర్వాత వేసిన ప్రోగ్రాములే పోతాయి. అరగంట పడుతుంది. కరెంటు పోకుండా చూసుకోండి."

మొగుడికి చెప్పకుండా చేసే మొదటి పని. సెట్టింగులు తెరిచింది. బటన్ ఉంది. బూడిద రంగులో ఉంది. నొక్కితే కదల్లేదు. పక్కన చిన్న అక్షరాలు. వెనక్కి వెళ్ళడానికి కావలసిన పాత ఫైళ్ళు ఈ సిస్టమ్‌లో లేవు.

సాయంత్రం అడిగితే వెంకటపతి గుర్తు తెచ్చుకుని చెప్పాడు. "ఓ, అదా. ఆదివారం సాయంత్రం ఫుటేజీ ఎక్కించడానికి జాగా చాల్లేదు. అనవసరమైనవి తీసెయ్యమంటారా అని అదే అడిగింది. పాత సిస్టమ్ తాలూకు చెత్త ఇరవై జీబీ దాకా ఉంది. టిక్కు పెట్టా."

"ఆదివారమే కదండీ మీకు చెప్పాను."

"నువ్వు చెప్పింది వేరు, ఇది వేరనుకున్నా. చెత్త అని కంప్యూటరే చెప్పింది కనకం, నేను కాదు." నిజంగానే నొచ్చుకున్నాడు. కాసేపటికి వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి, "పోనీ టీ నేను పెట్టనా?" అని అడిగాడు. పెట్టాడు కూడా. పంచదార ఎక్కువైన ఆ టీ ఆమె మొత్తం తాగింది.

*

శనివారం గుడివాడ పాసింజరు ఎక్కింది. కళ్ళద్దాలు మార్పించుకోవాలని చెప్పింది ఇంట్లో. ఆ ఫోల్డర్ ఎక్కించిన హార్డ్‌డిస్కు చిన్న తువ్వాల్లో చుట్టి సంచిలో పెట్టుకుంది. కిటికీ పక్కన సీటు దొరికింది. కోతకొచ్చిన పొలాలు గాలికి పడి ఉన్నాయి. ఒళ్ళో పసిపిల్లాడితో ఎదురుగా కూర్చున్నామె, అడక్కుండానే, ఎండ తగలకుండా కిటికీ రెక్క కిందికి దించింది.

జీవానందం ఉదయం పదకొండు నుంచి మూడు దాకా ఆ పని మీదే ఉన్నాడు. షాపులో ఉన్న ఒక పాత మిషన్ మీద పాత సిస్టమ్ వేశాడు. దాని మీద పాత సాఫ్ట్‌వేర్ వేశాడు. అది తెరుచుకోవడానికి అనుమతి కోసం ఇంటర్నెట్లో ఎవర్నో అడిగింది. తెర మీద చక్రం తిరుగుతూ తిరుగుతూ ఉండిపోయింది.

"అవతల జవాబు చెప్పేవాళ్ళు లేరమ్మా," అన్నాడు. "ఆ సర్వరు తీసేశారు. మీ మిషన్‌లో ఉన్నది అప్పుడెప్పుడో అనుమతి పొందింది కాబట్టి నడిచింది."

తర్వాత దుర్గ పెళ్ళి తేదీ ఉన్న ముక్కని ఏవేవో ప్లేయర్లలో పెట్టి చూశాడు. ఒకదానిలో తెర నల్లగా ఉండిపోయి, కింద గీత మాత్రం కదలడం మొదలెట్టింది. "ఆగండాగండి," అని లేచి, పైన తిరిగే ఫ్యాను ఆపాడు. వీధి తలుపు జేరవేశాడు. చెమటలు పోస్తుండగా ఇద్దరూ ఒంగి విన్నారు.

బొమ్మ లేదు. ధ్వని ఉంది.

"బొమ్మ రాదమ్మా. నాకు తెలిసినంతలో ఇక రాదు," అన్నాడు చాలాసేపటికి. ఆ ధ్వనిని ఫోన్‌లో కూడా వినబడేలా మార్చి ఇచ్చాడు. ఫోల్డర్‌లో మిగతా అరవై రెండూ చూసి, "వీళ్ళంతా ఎవరమ్మా?" అన్నాడు.

"పేర్లు తెలియవండీ."

ఆయన తన క్యారియర్‌లోంచి సగం పెరుగన్నం మూతలో పెట్టి, దానిమీద నిమ్మకాయ ముక్క వేసి ఆమె వైపు జరిపాడు.

*

ఆదివారం సాయంత్రం ఆరు గంటలకి దుర్గ వచ్చింది. వెంకటపతి పెదపారుపూడి దగ్గర పెళ్ళికి వెళ్ళాడు. భానుమతి ముందు గదిలో సీరియల్ చూస్తోంది. కనకం దుర్గని ఎడిటింగ్ గదిలోకి తీసుకెళ్ళి కుర్చీలో కూర్చోబెట్టింది. తను స్టూలు మీద కూర్చుంది.

"ముందొక మాట చెప్పాలి దుర్గా. మీ అమ్మని తీసేసింది నేనే. మీ ఆయన మేనత్త చీటీ రాసిచ్చింది. కోసింది నేను."

దుర్గ చేతిలో చీరకొంగు మడత పెట్టి విప్పింది. "నువ్వేనని తెలుసక్కా. ఇంకెవరు చేస్తారు? బావగారు కెమెరా తప్ప ఇంకోటి ముట్టుకోరుగా," అంది. "ఆవిడ ఆ చీటీ రాసేప్పుడు నేను పక్కనే ఉన్నా. కొత్త కోడల్ని. కాఫీ గ్లాసులు తీసుకెళ్తన్నా. చదివా కూడా. నేనూ ఏమన్లా." దుర్గ తెర వైపు తిరిగింది. "పెట్టక్కా."

"బొమ్మ రాలేదమ్మా. మాటే వచ్చింది."

పెట్టింది. నల్లటి తెర. సన్నాయి, డోలు, కుర్చీలు జరుపుతున్న చప్పుడు. ఆ తర్వాత అన్నిటికంటే దగ్గరగా, కెమెరా పక్కనే, బొంగురుగా ఒక గొంతు. "నన్ను తియ్యమాక బాబూ. అటు తియ్యి. పిల్లని తియ్యి." ఎవరో ఏదో అన్నారు. గట్టిమేళం మొదలైంది. ఆ హోరులోంచి మళ్ళీ అదే గొంతు. "కట్టేశాడా? అయిపోయిందా? నాకు కనపట్టంలా." ఒక ఆడపిల్ల గొంతు, "కట్టేశాడు పిన్నీ, కట్టేశాడు" అంది. తర్వాత గొంతు లేదు. మేళం. గీత చివరికి వెళ్ళి ఆగింది.

దుర్గ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కనకం ఆమె భుజం మీద చెయ్యి వేయబోయి, వేసే హక్కు తనకుందో లేదో తెలియక, మౌస్ మీదే ఉంచింది.

"అప్పుడు ఏం చేస్తందక్కా అమ్మ? నువ్వు చూశావుగా."

"చూశాను. మళ్ళీ పెడతా, విను, చెప్తాను." మళ్ళీ పెట్టింది. మాటల మీద మాటలు పడకుండా మెల్లగా చెప్పసాగింది. ఇదిగో, గుంజ పట్టుకుని నిలబడింది. చేతిలో అక్షింతలున్నాయి. ఇప్పుడు మునివేళ్ళ మీద లేచింది. గట్టిమేళం, విసిరింది, దూరం కదా, నీదాకా రాలేదు. ముందున్నవాళ్ళ భుజాల మీద పడ్డాయి. చెయ్యి పమిటకి తుడుచుకుంది, నీలం చీర పమిటకి. ఇప్పుడు నవ్వుతోంది.

గీత ఆగాక దుర్గ కళ్ళు తుడుచుకుంది.

"అమ్మకి నీలం చీర లేదక్కా," అంది.

కనకం చూసింది.

"ఆ రోజు కట్టుకుంది మా పిన్ని ఇచ్చిన గంధం రంగుది. నేనే కుచ్చిళ్ళు సర్దా."

నీలం చీర ఎవరిది? పెడన పెళ్ళిలో నాయనమ్మదా? బిందెల దగ్గర నిలబడ్డామెదా? అక్షింతలు ఎవరు విసిరారు? ఆ నవ్వు ఎవరిది? అరవై మూడు మందినీ విడివిడిగా గుర్తు పెట్టుకున్నాననుకుంది. ఎవరికీ లేని చోటు తన దగ్గర వాళ్ళకి ఉందనుకుంది. తీరా చూస్తే తనలోనూ వాళ్ళంతా కలిసిపోయి ఒక్క మనిషయ్యారు. గుంజ పక్కన నిలబడ్డ, బొట్టు లేని ఒక మనిషి. చీటీల్లో రాసినట్టే.

"నాకు సరిగా గుర్తు లేదు దుర్గా," అంది. "అందర్నీ కలిపేసుకున్నాను."

"పోన్లే అక్కా," అంది దుర్గ. "ఇంకోసారి పెట్టు. నువ్వేం చెప్పమాక ఈసారి."

పెట్టింది. దుర్గ కళ్ళు మూసుకుని వింది. నన్ను తియ్యమాక బాబూ అన్నచోట పెదవులు కదిలాయి. ఏడున్నరకి ఉన్న ఆఖరి బస్సు సంగతి గుర్తొచ్చి లేచింది. ఫోన్‌లోకి ఎక్కిందో లేదో చెవి దగ్గర పెట్టుకుని చూసుకుంది. ముందు గదిలోంచి వెళ్తుంటే భానుమతి సీరియల్ మీంచి కళ్ళు తిప్పకుండా, "బాబూ అన్నది ఎవర్నట?" అని అడిగింది. కెమెరా పట్టుకున్నతన్ని, అని చెప్పింది దుర్గ. భానుమతి టీవీ శబ్దం కాస్త తగ్గించింది.

*

వెంకటపతి తొమ్మిది గంటలకి వచ్చాడు. అన్నం తిని, ఫుటేజీ కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించి, కనకాన్ని పిలిచాడు. తెర నిండా చిన్న చిన్న గుండ్రాలు. ఒక్కో గుండ్రంలో ఒక్కో మొహం.

"పెళ్ళిలో ఉన్న మొహాలన్నీ అదే ఏరింది చూడు. ఒక్కోళ్ళూ ఎన్ని ముక్కల్లో ఉన్నారో పక్కన అంకె. ఇక చీటీలు పట్టుకుని వెతుక్కునే పన్లేదు. పెళ్ళికొడుకు నాన్న అక్కడే నా ఫోన్‌లో చూసి చెప్పేశాడు. ఇదిగో, ఈవిడ." మూడో వరసలో ఒక ముసలామె. నుదురు ఖాళీగా ఉంది. దేనికో నోరు తెరిచి నవ్వుతోంది. పక్కన అంకె నూట పద్దెనిమిది. "పెళ్ళికూతురు అమ్మమ్మ. నొక్కి, తీసెయ్యి అను. అన్నిట్లోంచీ ఒకేసారి పోతుంది. నువ్వు చెయ్యి, నేను స్నానం చేసొస్తా."

కనకం నిలబడే ఉంది. "ఆ నూట పద్దెనిమిది ఎక్కడికి పోతాయండీ?"

"ఎక్కడికీ పోవు. ఉండవంతే."

"నేను చెయ్యనండీ."

"నిద్రొస్తోందా? రేపు చేద్దువులే."

"రేపు కూడా చెయ్యను. ఇక ఎప్పుడూ చెయ్యను. ఈ ఒక్క పనే కాదు, మిక్సింగే చెయ్యను."

అతను ఆమెకేసి చూశాడు. అర్థమవుతుందేమో అని ఆమె కూడా చూసింది. "సర్లే," అన్నాడు నవ్వి. "దానికింత మొహం దేనికి? ఇప్పుడు నువ్వు చేయాల్సిందేముంది గనక." కుర్చీ దగ్గరికి లాక్కుని, గుండ్రం మీద తనే నొక్కాడు. నవ్వుతున్న ముసలామె వెళ్ళిపోయింది. చప్పుడేమీ కాలేదు. కింది వరసలోంచి వేరే మొహం ఒకటి జరిగి ఆ ఖాళీలోకి వచ్చింది.

తను మానేస్తే ఆగే పని కాదది. ఆ సంగతి కనకానికి తెలిసే చెప్పింది. అతని పక్కనున్న ఖాళీ మంచినీళ్ళ గ్లాసు తీసుకుంది. దోమలు రాకుండా కిటికీ రెక్క దగ్గరికి వేసింది. అతను తర్వాతి మొహం వెతుక్కుంటుంటే బయటికి వచ్చి, ఆ గది తలుపు మెల్లగా మూసింది.